వాచాలుడు, వాగ్మి, రాజద్రోహి



వాచాలతను గూర్చి ఉపన్యసింప బూనినవాడు మొదట తన నోటికి కళ్లెము వేసికొనవలెను. రేడియోవారు నాకిచ్చిన కాలపరిమితి యొక విధముగా ఆ కళ్లెమే. బడిలో ముప్పదియైదేండ్లు గంట కొట్టువరకు ఆపక మాటలాడినవాడను గనుక ఈ నియమము నాకు కొంత కష్టముగనే యున్నది.

ఈ విషయమును గూర్చి నేను తలపోయుటకు కారణము మా సూళ్లూరుపేట ప్రాంతమున జరిగిన యొక చిన్న సంగతి. 1989 వ సంవత్సరమున సంక్రాంతికి ముందు, పులికాటు ఒడ్డున చేపలు పట్టి జీవించు ఒక పెద్దమనిషి తన కుమార్తె ప్రోగ్రెసు కార్డు చేతబట్టుకొని మా యింటికి వచ్చెను. పిల్ల యెనిమిదవ తరగతి. మార్కులు బాగుగనే యున్నవి. అడుగున నొక మాట ఇంగ్లీషులో వ్రాసియున్నది. “అయ్యవారూ, ఈ మాటకు అర్థమేమి?” అని యతడడిగెను. అది ‘టాకటివ్’ అను మాట. నేను వేరు పనిలో నుండి, తల యెత్తకయే, “వదరుబోతు అని వ్రాసినారయ్యా” అంటిని. అతడు మారు పలుకక కార్డు మడిచి జేబులో పెట్టుకొని పోయెను.

పండుగ సెలవుల తరువాత ఆ పిల్ల బడికి రాలేదు. పక్షము దినములు చూచి నేనే ఆ పల్లెకు పోతిని. తండ్రి వల బాగుచేసికొనుచు, “వదరుబోతని బడిలోనే వ్రాసి యిచ్చినాక, రేపు దానిని చేసికొనువాడెవడయ్యా?” అనెను. నాకు నోట మాట రాలేదు. ఆ ఇంగ్లీషు మాటకు మాటకారి అని కూడ చెప్పవచ్చునని, అందులో తిట్టు లేదని, తప్పు నాదేయని యెన్నియో విధముల చెప్పితిని. “ఆ మాట ఆ పొద్దే చెప్పియుంటే పోయేది గదా” అని యతడనుట న్యాయమే. నేను మూడు మారులు తిరిగిన పిమ్మట పిల్లను మరల పంపెను గాని, అప్పటికి పరీక్షలు దాటిపోయెను. ఒక మాటకు నేను చెప్పిన తెలుగువలన ఒక బాలికకు ఒక సంవత్సరము పోయినది.

అది మొదలు ఇంగ్లీషువారు ఎక్కువగా మాటలాడువానికి పెట్టిన పేర్లను వెదకుట నాకొక వ్యసనమైనది. ‘టాకటివ్’ అను మాటయే చూడుడు. ‘టాక్’ అచ్చమైన ఇంగ్లీషు మాట. దాని తోక మాత్రము లాటిను నుండి ఫ్రెంచివారి ద్వారా వచ్చినది. మన వ్యాకర్తలు దీనిని చూచియుండినచో వైరిసమాసమని నొసలు చిట్లించియుందురు. అయినను ఆ మాట అయిదు వందల యేండ్లకు పైగా బ్రతికియున్నది. ‘గ్యారులస్’ అను మరియొక మాట కలదు. ఇది లాటినులో పక్షుల కిచకిచలకు చెప్పెడి ధాతువునుండి పుట్టినది. మా ప్రక్కనే నేలపట్టు చెరువున కడపచెట్లమీది గూళ్లలో పక్షిపిల్లలు చేయు రొదను విన్నవారికి ఈ మాటకు వేరే వ్యాఖ్యానము అక్కరలేదు. మనవారు గూడ పిట్టనే పట్టుకొనిరి. ఊరక మాటలాడు పిల్లను వసపిట్ట అందుము. పసిబిడ్డకు మాటలు త్వరగా రావలెనని వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయుట మన యిండ్ల ఆచారము గదా. అది మితిమించినదని పరిహాసము. ‘వాల్యుబుల్’ అను మాట దొరలుట అను నర్థముగల ధాతువునుండి వచ్చినది. మాట దొరలి దొరలి పోవునని భావము. మన తెలుగులో ఏటికిని వాగు అనియే పేరు, నోటి పనికిని వాగుట యనియే పేరు. ఇవి రెండును ఒక్క ధాతువే యని నేననను గాని, వానకాలమున కాళంగి పొంగి వచ్చునప్పుడు గట్టున నిలుచుండి చూచినవానికి ఆ సామ్యము తోపకపోదు.

మితభాషణమునకు గూడ ఇంగ్లీషున ఒక ముచ్చటైన మాట కలదు. అది ‘లకానిక్’. గ్రీసు దేశమున లకోనియా యను సీమలో స్పార్టావారు నివసించిరి. వారికి మాటలు బంగారుకాసులవంటివి. మాసిడోనియా రాజగు ఫిలిప్పు “నేను మీ దేశములోనికి వచ్చినచో మిమ్ము నేలమట్టము చేసెదను” అని కబురంపగా, వారు ప్రత్యుత్తరముగ “వచ్చినచో” అని మాత్రము వ్రాసి పంపిరని కథ. ఇంగ్లీషున దానికి రెండక్షరములే పట్టును. తెలుగున కొంచెము నిడుపైనను చమత్కారము చెడలేదు.

ఈ సందర్భమున మన ప్రాచీనుల సూక్ష్మబుద్ధిని స్మరింపక ముందునకు పోజాలను. పాణిని వాక్ శబ్దమునకు ఒక ప్రత్యయము చేర్చి ‘వాగ్మి’ యనెను. దాని తరువాతి సూత్రముననే వేరు ప్రత్యయములు చేర్చి ‘వాచాలుడు’, ‘వాచాటుడు’ అనెను. ప్రకృతి యొక్కటే, ప్రక్కప్రక్క ఇండ్లలో కాపురమున్నట్లు రెండు సూత్రములు. సూత్రమునందు బహుభాషి యని మాత్రమే కలదు. ఎక్కువగా మాటలాడువారందరును వాచాలురే యగుదురా యను సందేహము రాగా, నిందార్థమునందే ఈ ప్రత్యయములు వచ్చునని వార్తికకారుడు తీర్చెను. ఎంత మాటలాడినను చక్కగా మాటలాడువాడు వాగ్మియే. కొలత మాటల సంఖ్యలో లేదు, వాని సారములో నున్నది. నేను ఆ దినమున ఈ రెండు సూత్రములును కంఠస్థముగా నున్నవాడనే. అవి గ్రంథములోనే యుండిపోయినవి. చేపలవానికి ప్రత్యుత్తర మిచ్చునప్పుడు జ్ఞప్తికి రాలేదు.

ఇక ఇంగ్లీషువారి వాచాలత మన సాహిత్యమునకు చేసిన మేలొకటి చెప్పవలెను. 1709 వ సంవత్సరమున ఏప్రిలు 12 వ తేదీని లండను నగరమున రిచర్డు స్టీలు అను నతడు ‘టాట్లర్’ అను పత్రికను వెలువరించెను. ఆ పేరునకు వదరుబోతనియే అర్థము. 1711 లో అతడును అడిసనును కలిసి ‘స్పెక్టేటర్’ అను మరియొక పత్రికను నడిపిరి. ఇట్టి వ్రాతల పోకడను చూచియే 1917 ప్రాంతమున అనంతపురమున కొందరు యువకులు తెలుగున వ్యాసములు వ్రాసి వానికి ‘వదరుబోతు’ అని పేరు పెట్టిరి. వారిలో ముఖ్యులు పప్పూరు రామాచార్యులవారు. తమ్ము తాము వదరుబోతులమని చెప్పుకొని లోకమును దిద్దబూనుట ఎంత తెలివి! తిట్టును తానే ముందుగా తలకెత్తుకొన్నవానిని మరియెవ్వరు తిట్టగలరు? కోస్తా సీమలో పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు 1913 నుండి ‘సాక్షి’ వ్యాసములు వ్రాసిరి. అందలి జంఘాలశాస్త్రి నోరు విప్పెనా, ఒక్క వాక్యము పుటలకొలది సాగుచుండును. అతడు వాచాలుడా, వాగ్మియా యని నన్నడిగినచో, రెండు ప్రత్యయములును ఆయనకే చెల్లునని చెప్పి తప్పుకొందును.

స్టీలు తన పత్రికకు ఆ పేరు ఏల పెట్టెనో మొదటి సంచికలోనే చెప్పుకొన్నాడు, స్త్రీల గౌరవార్థమట! పరిహాసమే గాని, ఆ పరిహాసము వెనుక ఇంగ్లండు దేశపు పాత పాపమొకటి దాగియున్నది. వారి ధర్మశాస్త్రమున ‘కామన్ స్కోల్డ్’ అని యొక నేరముండెడిది. ఇరుగుపొరుగువారి శాంతికి భంగము కలుగునట్లు నోరు పారవేసికొను స్త్రీ ఈ నేరమునకు పాత్రురాలు. గమనింపుడు, స్త్రీ మాత్రమే. పురుషునికి ఆ నేరము లేదు. ఆమెను ఒక దూలము కొననున్న కుర్చీకి కట్టి, ఊరందరు చూచుచుండగా చెరువులోనో ఏటిలోనో ముంచి లేపుచుండిరి. 1809 లో గూడ లెమ్‌స్టర్ అను నూర ఈ శిక్ష జరిగినది. శిక్ష మాసిపోయినను నేరము మాత్రము పుస్తకములో నట్లే యుండి, 1967 వ సంవత్సరపు చట్టముతో గాని తొలగిపోలేదు. మన దేశమున గయ్యాళి యను మాట కలదు, గంప కథలు కలవు గాని, కుర్చీకి కట్టి ముంచుటకు శాసనము చేసినవారము కాము. ఇందుకై మనము మరీ గర్వపడవలదు. ఒక కార్డుమీది మాటకే బాలికను బడి మాన్పించిన దేశము మనది.

ఇంతవరకు ఊరక మాటలాడుట. మాటలచేత ఇతరుల హృదయములను కదలించుట వేరు. దానికి ఇంగ్లీషున మాటలు మరింత చిత్రములు. ‘ఎమోషన్’ అనగా మనోవికారమని నేడందరును ఎరిగినదే. లాటినులో దానికి వెలుపలికి కదలించుట అని యర్థము. ఇంగ్లీషులోనికి వచ్చిన కొత్తలో అది మనస్సునకు కాక, జనులలో పుట్టెడి కలవరమునకు, అల్లరికి చెప్పబడెడిది. అనగా అల్లరి మొదట వీధిలోనుండి, తరువాత గుండెలోనికి ప్రవేశించినది. ‘ఇన్‌స్టిగేట్’ అను మాటలో ములుకు ఉన్నది. ఎద్దును ముల్లుకోలతో పొడిచినట్లు మనుష్యుని పొడుచుట. మన తెలుగులో ఉసికొల్పుట కుక్కల సంబంధమైనది; ఎగదోయుట పొయ్యిలోని కట్టెల సంబంధమైనది; పురి యనునది త్రాటి మెలి. ప్రతి దేశమువారును తమ పెరటిలోని వస్తువులతోనే ఈ పనికి పేరు పెట్టికొనిరి. ‘ఎంథూసియాజమ్’ అను మాట గ్రీకు భాషనుండి వచ్చినది. దానికి దేవుడు లోపల నుండుట యని యర్థము. నేడది ఉత్సాహమునకు మంచి పేరు గాని, మూడువందల యేండ్ల క్రిందట ఇంగ్లండున మతావేశమును నిందించు మాట. మన ‘ఆవేశము’ అను సంస్కృత పదమునకును లోపల ప్రవేశించుట యనియే అర్థము. మా సూళ్లూరుపేట చెంగాళమ్మ తల్లి గుడిముందు పూనకమును చూచినవారికి గ్రీకువానిని, సంస్కృత వైయాకరణుని ఒక్కచోట చూచినట్లే యగును.

ఈ మాటలు నిఘంటువులో నున్నంతవరకు వినోదమే. అవి చట్టములోనికి ఎక్కినప్పుడు మనుష్యులు చెరసాలకు పోయిరి. 1870 లో ఇంగ్లీషు ప్రభుత్వము శిక్షాస్మృతిలో 124-ఏ అను సెక్షనును చేర్చినది. ప్రభుత్వముపై ‘డిసఫెక్షన్’ను ‘ఎక్సైట్’ చేయుట నేరమని దాని సారము. ‘ఎక్సైట్’ అనగా రేపుట. ‘అఫెక్షన్’ అనగా ప్రేమ, అనురాగము. మరి ‘డిసఫెక్షన్’ అనగానేమి? ఇది మన వ్యాకరణమున నఞర్థ విచారమే. నఞ్‌కు పెద్దలు ఆరర్థములు చెప్పిరి. ‘అపాపము’ అన్నచోట పాపము లేకపోవుట, అది అభావము. ‘అధర్మము’ అన్నచోట ధర్మము లేకపోవుట మాత్రమే కాదు, ధర్మమునకు ఎదురైనది, అది విరోధము. 1891 లో కలకత్తాలో ‘బంగబాసి’ పత్రికపై జరిగిన విచారణలో ప్రధానన్యాయమూర్తి పెథరాము విరోధార్థమును పట్టుకొని, ప్రేమకు విరుద్ధమైన ద్వేషమే ఆ మాటకు అర్థమనెను. 1897 లో బొంబాయిలో తిలకుగారి విచారణలో స్ట్రేచీ యను న్యాయమూర్తి పెథరామునే ప్రమాణముగా పేర్కొనుచు, ఆ మాటకు ప్రేమ లేకపోవుటయే యర్థమని అభావమును పట్టుకొనెను. చూడుడు! ప్రభుత్వమును ద్వేషింపకున్నను చాలదు. ప్రేమింపకుండుట కూడ నేరమునకు దారి. తిలకుగారికి పదునెనిమిది నెలలు శిక్ష పడెను. మరుసటి యేడు, అనగా 1898 లో, ఆ సెక్షనునే సవరించి రాజభక్తి లేమిని, సకల వైరభావములను అందులో చేర్చి మరింత విశాలము చేసిరి. ఆరర్థములు నేర్పు పాఠశాలలో ఆ న్యాయమూర్తి నాలుగు దినములు కూర్చుండియుండినచో బాగుండెడిదని నాకు తోచును గాని, అర్థము తెలియక అట్లు చెప్పెనని నేననుకొనను.

ఆ వేడి తెలుగుదేశమునకు 1907 లో తగిలెను. ఆ యేడు ఏప్రిలు మాసమున బిపినచంద్రపాలుగారు మన సీమకు వచ్చిరి. ముట్నూరి కృష్ణారావుగారు వారి పర్యటనకు తోడ్పడిరి. పాలుగారు వంగదేశీయులు, వారి ఉపన్యాసములు ఇంగ్లీషున సాగినవి. రాజమహేంద్రవరమున వానిని తెలుగుచేసి జనులకు వినిపించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. నాకు ఈ ఘట్టము మిక్కిలి ప్రియమైనది. గోదావరి గట్టున గుమిగూడిన జనములో ఇంగ్లీషెరిగినవారెందరుందురు? వారి గుండెలకు తాకినది చిలకమర్తివారి తెలుగే. ఆ సందర్భముననే వారు భారతదేశమును పాడియావుగా, ప్రజలను లేగదూడలుగా వర్ణించి ఆశువుగా చెప్పిన పద్యము తెలుగునాట ఊరూర ప్రాకినది. అనువాదకుడు ఒక్క మాటను తప్పుగా తూచినచో ఏమగునో నేనెరుగుదును. సరిగా తూచినచో ఏమగునో అక్కడ చూడవచ్చును.

ఆ ఉపన్యాసముల ఫలము త్వరలోనే కనబడెను. విద్యార్థులు వందేమాతరము బిళ్లలు ధరించి తరగతులకు వచ్చిరి. అధికారులు కోపించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలనుండి తొలగించిరి. 1908 లో వారు నడపిన ‘స్వరాజ్య’ పత్రికలోని యొక వ్యాసమునకై ఆ 124-ఏ సెక్షను క్రిందనే మూడేండ్లు కఠిన కారాగారవాసము పడెను. ఇంగ్లీషు దొరల కాగితములలో ఇట్టివారికి ‘ఆజిటేటర్’ అని పేరు. కుదుపువాడు, కలచువాడు అని దాని మూలార్థము. సంస్కృతమున క్షోభకారి యనవచ్చును. అయితే క్షోభ లేక వెన్న రాదని మజ్జిగ చిలుకు మన యింటి యాడువారికి తెలియును. ‘సెడిషన్’ అను మాటకు లాటినులో వేరుగా తొలగిపోవుట యనియే మొదటి యర్థము. దానికి రాజద్రోహమని తెలుగుచేసినవారెవరో కాని, ద్రోహమను మాటను చేర్చి శిక్షను ముందే వేసియుంచిరి.

1921 ఏప్రిలు 7 వ తేదీని గాంధిమహాత్ముడు మన నెల్లూరికి సమీపమున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. ఆయన ఉపన్యాసమునకు చేతులు విసరుట, గొంతు పెంచుట లేవని వినినవారందరు చెప్పినదే. సన్నని కంఠము, చిన్న వాక్యములు. అయినను దేశమంతటను రేపినవాడాయనయే. 1922 మార్చి 18 న అహమ్మదాబాదు న్యాయస్థానమున, ప్రేమను చట్టముచేత తయారు చేయుటగాని కట్టడి చేయుటగాని సాధ్యము కాదని ఆయన న్యాయాధిపతితోనే చెప్పి, ఆరేండ్ల శిక్షను స్వీకరించెను. పెథరామునకును స్ట్రేచీకిని కలిపి అదియే ప్రత్యుత్తరమనుకొందును.

స్వాతంత్ర్యము వచ్చిన పిదపను ఆ సెక్షను పోలేదు. 1962 లో సుప్రీముకోర్టు దానిని ఇరుకు చేసి, హింసకుగాని అల్లరికిగాని ప్రేరేపించు మాటలకే పరిమితము చేసినది. 2022 మే నెలలో దాని వాడుకను నిలిపివేసినది. 2024 జూలై 1 న శిక్షాస్మృతియే మారిపోయి భారతీయ న్యాయసంహిత వచ్చినది. అందు ఆ పాత పేరు లేదు. కొత్త మాటలతో 152 వ సెక్షనున్నది. ఆ మాటలను న్యాయస్థానములు ఏ యర్థమున గ్రహించునో చూడవలసియున్నది.

మన జిల్లా సంగతి యొకటి చెప్పి విరమింతును. అప్పటి నెల్లూరు జిల్లాలో మా సూళ్లూరుపేటయు చేరియుండెను. 2022 లోనే తిరుపతి జిల్లాలోనికి పోయినది. 1991 ప్రాంతమున జిల్లాయంతట అక్షరాస్యతోద్యమము నడచినది. వాచకములో సీతమ్మ కథ యని యొక పాఠముండెను. త్రాగుబోతు భర్త వలన బాధలుపడిన యొక స్త్రీ కథ అది. ఇంగ్లీషు మాటలతో చెప్పవలెనన్న అందులో ‘ఎక్సైట్’ చేయునది యేదియు లేదు. చిన్న చిన్న వాక్యములు, గుణింతములు నేర్చుకొనువారికై పెద్ద అక్షరములు. అయినను కలిగిరి దగ్గరి దూబగుంటలో స్త్రీలు దానిని చదివి, తమ యింటి కథయే యని గుర్తించి, 1992 లో సారా అంగడిపైకి కదలిరి. దూబగుంట రోశమ్మగారి పేరు అప్పుడే లోకమునకు తెలిసినది. తరువాత ఊరూర స్త్రీలు గుంపులుగ చేరి సారా పాటలు జరుగనీయలేదు. వారిని గయ్యాళులన్నవారు లేకపోలేదు. 1993 ఏప్రిలున నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1 న రాష్ట్రమంతటను సారా నిషిద్ధమైనది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. అది 1997 లో సడలినదన్నది వేరు కథ.

ఆ దినములలో పులికాటు ఒడ్డు పల్లెలో సాగుచున్న రాత్రిబడిని చూచుటకు నేనొకసారి పోతిని. లాంతరు చుట్టును పది పండ్రెండుమంది స్త్రీలు. పాఠము చదివించుచున్నది ఆ పాత యెనిమిదవ తరగతి పిల్లయే. ఒక వాక్యము చదువును, ఆగును, “మీ యింటిలో ఎట్లు?” అని యడుగును, ఎవరో ఒకరు చెప్పువరకు తరువాతి వాక్యమునకు పోదు. ఆ వేగమున పాఠము అర్ధరాత్రి దాకను పూర్తి యగునట్లు లేదు. తండ్రి బయట అరుగుమీద వల మడుచుచు కూర్చుండియుండెను. నన్ను చూచి లేచి, “రండి అయ్యవారూ, దీని నోరు మూయించుట నా తరముగాదు, మీ తరమేమో చూడండి” అని నవ్వుచు చాప పరచెను.